అరవై రెండు శాలువాలు, ఒక పెద్ద పిటీలు

నేను కువైట్ వెళ్లొచ్చి నెల దాటింది. ఈ నెల రోజుల్లో సామర్లకోటలో నన్ను పలకరించిన ప్రతి మనిషీ రెండే ప్రశ్నలు అడిగాడు. బంగారం ఎంత తెచ్చారు? ఖర్జూరాలు ఏవి? అక్కడ ఒక సింఫనీ ఆర్కెస్ట్రా ఉందనీ, అరవై రెండు మంది నెల జీతాల మీద వాయిస్తారనీ, ఆ అరవై రెండు మందికీ మన తెలుగువాళ్లు శాలువాలు కప్పారనీ చెప్పబోతే, "అలాగా! ఖర్జూరాలు మాత్రం మెత్తగా ఉన్నాయి మాస్టారూ" అన్నారు. తినేవాళ్లకు పంచడం అయిపోయింది కాబట్టి, ఇక చదివేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను వెళ్లడం వెనక నా గొప్పతనం ఏమీ లేదని ముందే ఒప్పుకుంటాను. మునిసిపల్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లలకు పిటీలు నేర్పి, వాళ్లలో ఒక్కడు కూడా మళ్లీ పిటీలు పట్టకుండా జాగ్రత్తగా రిటైరైన మాస్టార్ని. నా బావమరిది సూరిబాబుది అంబాజీపేట. పదకొండేళ్లుగా ఆ ఆర్కెస్ట్రాలో ఉన్నాడు. మా అత్తగారు ఊరంతా "మావాడు ఆర్కెస్ట్రాలో ఉన్నాడు" అని చెప్పుకుంటుంది. వాడి పని కుర్చీలు వేయడం, తీయడం, పెద్ద డోళ్లు లారీలోకి ఎక్కించడం. అత్తగారు అబద్ధమైతే చెప్పలేదు, అంతవరకు నిజమే.

ఆ ఆర్కెస్ట్రా హోటళ్లలో టిక్కెట్టు పెట్టి వాయిస్తుంది గానీ, ఏడాది పొడుగునా బళ్లకూ ఆసుపత్రులకూ వెళ్లి ఊరికే కూడా వాయిస్తుంది. పొట్ట చేత పట్టుకుని అక్కడికి వచ్చిన పరదేశాల వాళ్ల సంఘాలకు తలా ఒక కచేరీ ఇస్తుంది. ఫిలిప్పీన్స్ వాళ్లకు అయింది, ఈజిప్టు వాళ్లకు అయింది, మలయాళీలకూ అయింది. మలయాళీల కచేరీకి హాలు నిండిపోయిందని తెలియగానే మన సంఘానికి పౌరుషం వచ్చింది. ఉగాది సంబరాల్లో కచేరీ పెట్టించారు. ఉగాది వెళ్లిన మూడో శుక్రవారం అన్నమాట. అక్కడ హాలు దొరికిన రోజే ఉగాది.

ముఖ్య అతిథిగా హైదరాబాదు నుంచి ఒక సినిమా మనిషి రావాలి. ఆయన ఆఖర్న రానన్నాడు. అప్పుడు సూరిబాబు, "మా బావగారు సంగీతం మేస్టారండి, బస కూడా మా ఇంట్లోనేనండి" అన్నాడట. బస ఖర్చు లేదనేసరికి నా విద్వత్తు మీద అందరికీ గురి కుదిరింది.

సాల్మియాలో ములక్కాడ

సూరిబాబు వాళ్లుండేది సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. నాలుగో అంతస్తులో రెండు గదులు. దిగిన మర్నాడు వాడి భార్య వరలక్ష్మి నన్ను కూరగాయల కొట్టుకి తీసుకెళ్లింది. అక్కడ ములక్కాడలు కట్టకట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, పెళ్లికూతురిలా అలంకరించి పెట్టారు. ధర చూసి దీనార్లను రూపాయల్లోకి మార్చుకున్నాను. మార్చకుండా ఉండాల్సింది. మా పెరట్లో గొంగళి పురుగులకు వదిలేసిన కాడలన్నీ కళ్ల ముందు మెదిలాయి.

"అన్నయ్యగారూ, ఇక్కడికొచ్చిన కొత్తలో అందరూ అలాగే లెక్కలేస్తారండి. ఆరు నెలలు లెక్కేస్తే మనిషి ఎండిపోతాడండి. మానేయండి" అంది వరలక్ష్మి.

మానలేకపోయాను. ఆ పూట సాంబారులో వచ్చిన నాలుగు ముక్కల్నీ చెప్పులు కుట్టే తోలు నమిలినట్టు పిప్పి తేలేదాకా నమిలాను. ధరలో దానికి పూర్తిగా విరుద్ధం, పక్క వీధిలో ఇరానీ వాడి పొయ్యిలోంచి వచ్చే రొట్టెలు. విస్తరంత రొట్టె, మన దగ్గర అర కప్పు టీ కూడా రాని ధరకి ఇస్తాడు. వేడి మీద అలా చంకలో పెట్టుకుని ఇంటికి నడిచొస్తుంటే చలికాలం దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. ఆ దేశంలో ఎండ బయట, చలి ఇళ్లలోపల. ఏసీ ఆపమంటే వరలక్ష్మి నన్నో వింత జంతువులా చూసింది.

వంటింటి గుమ్మం

మంగళవారం ఉదయం సూరిబాబు నన్ను వ్యాన్లో బయల్దేరదీశాడు. ఆర్కెస్ట్రాలో ఆ దేశపు పిల్ల ఒకతే ఉంది, పేరు నూరా. చెల్లో వాయిస్తుంది. చెల్లో అంటే మన పిటీలే గానీ పెద్దది. భుజం మీద కాక మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించాలి. శుక్రవారం కచేరీలో అసలు వాద్యం ఆ పిల్లదే, మిగతా అందరూ ఆమె వెంట వాయిస్తారు. కారు రిపేరుకు వెళ్లిందని, ఆ చెల్లోను రిహార్సలుకి చేర్చమని కబురు పెట్టింది.

పెద్ద ఇల్లు. మమ్మల్ని వెనక గుమ్మం వైపు రమ్మన్నారు. వంటింట్లో ఒక నడివయసు ఆవిడ, చెల్లో ఉన్న మనిషంత ఎత్తు పెట్టెని పసిపిల్లకి ఒళ్లు తుడిచినట్టు తుడుస్తోంది. సూరిబాబుతో నేను అన్న మాట చెవిన పడి గభాల్న తలెత్తింది.

"తెలుగోళ్లా సార్ మీరు? కూచోండి, చాయ్ తాగి పోదురు."

పేరు రెడ్డెమ్మ. రాయచోటి పక్క ఊరు. ఆ ఇంట్లో చేరి తొమ్మిదేళ్లు. చేరినప్పుడు నూరా బడికెళ్లే పిల్లట, జడ తనే వేసేదట. నేను సంగీతం మాస్టార్నని సూరిబాబు చెప్పగానే స్టవ్ చిన్నది చేసి వచ్చింది.

"సార్, నూరా పాప వాయించే పాట నాకంతా వచ్చు. రెండేండ్ల నుంచి ఈడ ఉల్లిగడ్డలు కోసుకుంటా ఇంటాండా. ఇంటారా?"

ఇక గొంతు విప్పింది. మాటల్లేవు, ఊరికే రాగం. నేను నవ్వుకుందామని సిద్ధంగా ఉన్నాను, నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లలో నా శిష్యుల్లో ఒక్కరి దగ్గర కూడా వినని శ్రుతి అది. పాడుతూ పాడుతూ ఆగిపోయింది. మడమతో నేల మీద తాళం వేస్తూ, వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ నిలబడింది. పన్నెండు అయ్యాక మళ్లీ అందుకుంది.

"మధ్యలో ఆపావేమ్మా?"

"నేనేడ ఆపినా సార్! పాపే ఆపుతాది. గమ్మున కూచోని లెక్క పెట్టుకుంటాది. పన్నెండు అయినాక అందుకుంటాది. ఈ పాటలో ఇట్లాటి ఖాళీలు ఏడు ఉండాయి. ఒకదాంట్లో నలబై దాకా పెడ్తాది. ఏంది పాపా ఇది అంటే, రెడ్డెమ్మా అప్పుడు మిగతావాళ్లంతా వాయిస్తారు అనింది." చేతిలో గుడ్డ మడత పెట్టి మళ్లీ విప్పింది. "అరవై మంది ఒక్కపారి వాయిస్తే ఎట్లుంటాదో సార్. ఆ ఖాళీల్లో ఏముంటాదో ఇనాల నాకు. ఒక్కసారి ఇంటే చాలు."

"ఈ పాట సీడీలు దొరుకుతాయి కదమ్మా."

"పాప ఇస్తాననింది. దాంట్లో వాయించేది ఎవురో సార్! మా పాప వాయిస్తాంటే ఇనాల గదా."

హోటల్లో కచేరీలు ఉన్న రోజుల్లోనే ఆ ఇంటికి చుట్టాలొస్తారు, వంట వదిలి వెళ్లడం కుదరదు. ఇప్పుడిక వీలే లేదు. ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, రద్దు చేయించుకుంది. శనివారం పొద్దున విమానం. ఖలాస్, మళ్లీ రాదు. శుక్రవారం మూడున్నర నుంచి ఏడు దాకా వెళ్లి రమ్మని ఇంటి యజమానురాలు ఒప్పుకుంది. "మామా మంచిదే సార్. డ్రైవర్ని ఇచ్చి పంపిస్తా ఉంది. ఏడింటికి మాత్రం ఇంట్లో ఉండాల" అంది. అక్కడ యజమానురాలిని 'మామా' అంటారట.

నాదీ శనివారం పొద్దుటి విమానమే. ఆ సంగతి తెలిసి రెడ్డెమ్మ ముఖం విచ్చుకుంది. "అయితే ఇమానంలో నా కాగితం నింపిపెట్టాల సార్ మీరు. నాకు రాయను రాదు" అంది. కువైట్ నుంచి వచ్చే ప్రతి విమానంలోనూ, దిగినచోట ఇవ్వాల్సిన ఫారాలు అందరికీ నింపిపెట్టడమే చదువుకున్నవాడి ఉద్యోగమని సూరిబాబు చెప్పాడు.

"కాగితం సరే. శుక్రవారం నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టే పూచీ కూడా నాది. ముఖ్య అతిథిని నేనే" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో సూరిబాబు చూశాడు.

సబ్హాన్‌లో ఆకలి

ఆర్కెస్ట్రా రిహార్సలు జరిగేది సబ్హాన్‌లో. అటు టైర్లు మార్చే షెడ్డు, ఇటు చేపలు నిల్వ చేసే గోదాము, మధ్య గోదాములో సింఫనీ. నడిపించే పెద్దాయన హంగేరీ దేశం వాడు. వాయించేవాళ్లది తలా ఒక దేశం. ఒకళ్ల మాట ఇంకొకళ్లకి అర్థం కాదు, అందుకే కాబోలు గొడవల్లేకుండా కలిసి వాయిస్తారు.

నన్ను ఆశ్చర్యపరిచింది సంగీతం కాదు, గడియారం. పదకొండింటికి విరామం అని గోడ మీద రాసుంది. పెద్దాయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, పిటీలు స్వరం ఇంకా సాగుతూనే ఉంది, ముల్లు పదకొండు మీదికి వచ్చింది. అరవై రెండు మందీ వాద్యాలు దించి టీకి లేచారు! "ఇదేమిట్రా?" అన్నాను.

"అదంతేనండి బావగారూ. ఒప్పందం కాగితం మీద సంతకాలెట్టేరండి. కూర్చునే టైము, లేచే టైము. నిమిషం దాటనివ్వరండి. పోయినేడు ఓ మంత్రిగారు ఆలస్యంగా వత్తే, ఆయన కూర్చునేసరికి ఈళ్లు లేచిపోయేరండి" అన్నాడు సూరిబాబు.

మన వైపు మేళగాళ్లు గుర్తొచ్చారు. ముహూర్తం రెండు గంటలు జరిగితే రెండు గంటలూ ఊదుతారు, పెళ్లికొడుకు అలిగితే అలక తీరేదాకా ఊదుతారు. మనది భక్తి, వాళ్లది ఉద్యోగం అనుకుని తృప్తి పడ్డాను.

విరామంలో వరలక్ష్మి కట్టిచ్చిన పులిహోర, పెరుగావడలు లాగించాను. ఆరు ఆవడలు. ఏసీ చల్లగా ఉంది, కుర్చీ మెత్తగా ఉంది. "ఇప్పుడు నూరా ముక్కేనండి బావగారూ, వినండి" అని సూరిబాబు అన్నది వినిపించింది. ఆ తర్వాత వినిపించింది టకటకమని చప్పుడు. ఆర్కెస్ట్రా వాళ్లు మెచ్చుకోవాలంటే చప్పట్లు కొట్టరు, కమానుతో ఎదుటి స్టాండు మీద కొడతారు. ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది.

"ఇరవై రెండు నిమిషాలండి, సరిగ్గా. ఎలాగుందండి?"

"అద్భుతం!" అన్నాను మూతి తుడుచుకుంటూ.

అర్దియాలో పేర్ల వరస

గురువారం సాయంత్రం కార్యవర్గ సమావేశం. అర్దియాలో కార్యదర్శి గారి ఇంట్లో. ఆయన ఒక కంపెనీలో లెక్కల మనిషి, రాజమండ్రి వాడు. మంచి మనిషే గానీ, అందరినీ మెప్పించాలనే జబ్బుంది. సమోసాలు పెట్టారు, చాయ్ పోశారు, ఆహ్వాన పత్రంలో పేర్ల వరస మీద గంటన్నర పోట్లాడుకున్నారు. మాజీ అధ్యక్షుడి పేరు హంగేరీ పెద్దాయన పేరుకి కింద వచ్చిందట. ఆయన లేచి వెళ్లిపోబోతే గుమ్మం దగ్గర పట్టుకుని, పేరు పైకి జరుపుతామని ఒట్టు పెట్టి కూర్చోబెట్టారు. పత్రాలు అచ్చయి వారమైంది.

తర్వాత శాలువాల సంగతి. పెద్దాయన ఒక్కడికీ కప్పుదామని నేనన్నాను. "ఒక్కరికి కప్పి అరవై ఒక్కరిని అవమానిస్తామా మాస్టారూ? మలయాళీలు ఇరవై మందికి కప్పారు" అన్నారు కార్యదర్శి. ఒక్కో శాలువాకి ఒక్కో దాత. దాతే స్వయంగా కప్పాలి, లేకపోతే ఫోటో ఎలా వస్తుంది?

టీ కప్పులు అందిస్తున్న సూరిబాబు ఉండబట్టలేక, "అయ్యా, నాలుగింటికి కూర్చుంటారండి, ఆరున్నరకి లేచిపోతారండి. రాత్రికి వేరే హోటల్లో వాయించాలండి. అయిదింటికల్లా కచేరీ మొదలైపోవాలండి" అన్నాడు.

"మన కార్యక్రమం మధ్యలో ఎవరు లేస్తారయ్యా? బాగుంటుందా?" అన్నారు కార్యదర్శి నవ్వుతూ. అక్కడున్న అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. సన్మానం చేస్తుంటే లేచిపోయే మనిషిని వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండరు.

నేను సూరిబాబు తరఫున మాట్లాడాల్సింది. సబ్హాన్‌లో గడియారం కళ్లారా చూసినవాణ్ణి. నోరు తెరవబోయాను. సరిగ్గా అప్పుడే కార్యదర్శి ఒక సంచి విప్పి, "ఇది మీకు మాస్టారూ, దీనికి మాత్రం జరీ అంచు" అన్నారు. నోరు మూసుకుని అంచు తడిమి చూశాను.

శుక్రవారం, నాలుగు నుంచి ఆరున్నర

నాలుగు కొట్టేసరికి అరవై రెండు మందీ నల్ల బట్టల్లో వేదిక మీద కూర్చున్నారు. హాల్లో మాత్రం నేను, రెడ్డెమ్మ, మైకు సరిచేసే మనిషి. రెడ్డెమ్మ కొత్త చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. మొదటి రెండు వరసలూ దాతలవి, చెప్పిన పూచీ అంతవరకే చెల్లింది. వేదిక మీంచి నూరా చెయ్యూపింది. రెడ్డెమ్మ చెంగుతో నోరు కప్పుకుని నవ్వింది.

నాలుగుం పావుకి అధ్యక్షుడు వచ్చారు. మొదట జ్యోతి ప్రజ్వలన. హాల్లో నిప్పు వెలిగించడానికి వీల్లేదన్నారు, అందుకని బ్యాటరీ దీపం తెచ్చారు. దీపానికి మీట ఒకటే, వెలిగించాల్సిన పెద్దలు అయిదుగురు. అధ్యక్షుడు నొక్కారు, వెలిగింది, చప్పట్లు. కార్యదర్శి దాన్ని ఆర్పారు. మాజీ అధ్యక్షుడు నొక్కారు, వెలిగింది, చప్పట్లు. కార్యదర్శి మళ్లీ ఆర్పారు. ఫోటోగ్రాఫరు ఒకాయనకి కళ్లు మూసుకున్నారని చెప్పి ఇంకోసారి నొక్కించాడు. ఆరుసార్లు వెలిగి అయిదుసార్లు ఆరిన ఆ జ్యోతి ఎదుట, డోలు వాయించే బక్కపలచని మనిషి కర్రలు ఒళ్లో పెట్టుకుని తదేకంగా చూశాడు.

తర్వాత ప్రార్థన, స్వాగతం, అధ్యక్షోపన్యాసం. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. అధ్యక్షుడు పదిహేను నిమిషాలు. మాజీ అధ్యక్షుడు పేరు పైన పడనందుకు కక్ష తీర్చుకుంటూ పదహారు. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లకు సిగ్గు లేదా, అంతమంది వాయించేవాళ్లు ఎదురుగా కూర్చుంటే, అని పక్కనున్నాయనతో పైకే అన్నాను.

అప్పుడు శాలువాలు. దాతలు వరస కట్టారు. వేదిక మీద నడవడానికి చోటు లేదు, స్టాండ్ల మధ్య నుంచి పక్కకి ఒరిగి వెళ్లి కప్పాలి. ఫోటోగ్రాఫరు, "సార్, తీసి ఇంకోసారి కప్పండి, ఇటు చూడండి" అంటాడు. తీసి మళ్లీ కప్పారు. ఇత్తడి బాకా మనిషికి కప్పబోతే శాలువా బాకా మూతికి చిక్కుకుంది. పెద్దాయనకి పొరపాటున ముగ్గురు కప్పారు, ఆయన మూడింటినీ వేసుకుని, ఒకరి తర్వాత ఒకరికి వంగి నమస్కారం పెట్టాడు. నూరా తన శాలువా తీగల మీదికి జారకుండా గడ్డంతో అదిమి పట్టుకుని కూర్చుంది. హాలు చల్లగా ఉండడంతో వాళ్లకి శాలువాలు నచ్చినట్టే ఉన్నాయి. అందరూ కప్పుకుని, చలికాలం పొద్దున్నే అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లలా ఉన్నారు.

అదయ్యేసరికి అయిదూ నలభై అయిదు. "ఇప్పుడు ముఖ్య అతిథి గారు రెండు ముక్కలు మాట్లాడతారు" అన్నారు.

నేను నిజంగా రెండు ముక్కలే మాట్లాడదామని లేచాను. జరీ అంచు శాలువా కప్పారు. వీణ ఆకారంలో ఉన్న గడియారం ఒకటి జ్ఞాపికగా ఇచ్చారు. మైకు ముందు నిలబడితే ఎదురుగా హాలు నిండా మనుషులు. ముప్పై ఏళ్లు ఎనిమిదో తరగతి పిల్లలు తప్ప ఎవరూ వినని గొంతు నాది, వాళ్లు కూడా గంట కొట్టేదాకానే. పిటీలు మన దేశానికి ఎలా వచ్చిందో చెప్పాను. మా గురువుగారి గురించి చెప్పాను. పెద్దాపురం రోడ్డులో సైకిలు మీంచి పడ్డప్పుడు నా మోచెయ్యి విరిగినా పిటీలు విరగని వైనం చెప్పాను. కొంచెం ఆగితే చాలు చప్పట్లు కొట్టారు. అవి ముగించమని కొట్టిన చప్పట్లని తర్వాత తెలిసింది. వెనక నుంచి సూరిబాబు నా పంచె అంచు లాగితే, కుచ్చిళ్లు సర్దుతున్నాడు కాబోలు అనుకున్నాను. సంగీతానికి భాష లేదు, మౌనమే సంగీతానికి ప్రాణం అని కూడా చాలాసేపు చెప్పాను.

మూడో వరసలో రెడ్డెమ్మ రెప్ప వెయ్యకుండా నా వైపే చూస్తోంది. ఇంత హాల్లో ఒక్క మనిషికైనా వినడం తెలుసు అనుకుని, ఆవిడ కోసం ఇంకో నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ చూస్తున్నది నా భుజం మీదుగా నూరాని అని, కూర్చున్నాక గానీ తట్టలేదు.

వందన సమర్పణ అయ్యేసరికి ఆరుం పావు. పెద్దాయన మూడు శాలువాలూ తీసి మడత పెట్టి, గడియారం చూసి, నూరా దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో అన్నాడు. ఆ పిల్ల తల దించుకుని చెల్లో పట్టుకుని పక్కకి జరిగింది. ఆర్కెస్ట్రా రెండు చిన్న ముక్కలు వాయించింది. బాగానే ఉన్నాయి, జనం తాళం వేశారు. ఆరున్నరకి అరవై రెండు మందీ లేచి నిలబడ్డారు. మనవాళ్లు గౌరవంగా లేచారనుకుని వాళ్లూ లేచారు. అటు వాళ్లు పెట్టెలు సర్దుకుంటున్నారు, ఇటు కార్యదర్శి, "అదేమిటి, అప్పుడేనా?" అని సూరిబాబుని పట్టుకుని ఊపుతున్నారు.

నేను గబగబా కిందికి దిగాను. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. రెడ్డెమ్మ వేదిక వైపు చూస్తూనే వెనక్కి నడుస్తోంది. "పెద్ద పాట ఎప్పుడు సార్?" అని అడిగింది. "టైము చాల్లేదమ్మా" అన్నాను. ఏదో బస్సు తప్పిపోయినట్టు చెప్పాను. ఆవిడ వెళ్లిపోయింది.

కుర్చీలు మడతేస్తున్న సూరిబాబు దగ్గర నిలబడి, "అందరూ కలిసి కచేరీ మింగేశార్రా. మాజీ అధ్యక్షుడొక్కడే పదహారు నిమిషాలు!" అన్నాను.

"మీరు ఇరవై మూడండి బావగారూ" అన్నాడు వాడు తలెత్తకుండా. "నూరా ముక్క ఇరవై రెండండి."

కోపంగా అంటే బాగుండేది. కుర్చీలు లెక్కపెట్టినంత మామూలుగా అన్నాడు. నేను జరీ శాలువా తీసి చంకలో పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కిటికీ పక్క సీటు

శనివారం పొద్దున విమానంలో రెడ్డెమ్మ సీటు నా పక్కనే వచ్చింది. సూరిబాబే కౌంటర్లో అడిగి వేయించాడు. నన్ను శిక్షించడానికో, ఆవిడ కాగితం కోసమో తెలియదు. కిటికీ సీటు ఆవిడకిచ్చాను. ఆవిడ కాగితం నింపాను, వెనక సీట్ల వాళ్లవి మరో మూడు నింపాను. నాకు చేతనైన పని అదేనేమో అనిపించింది.

విమానం పైకి లేచాక, "మీరు బాగా మాట్లాడినారు సార్" అంది.

ఎత్తిపొడుస్తోందేమోనని చూశాను. లేదు. నిజంగానే అంటోంది. "నన్ను క్షమించమ్మా. నా వల్లే నీ పాట పోయింది. నేను గమ్మున కూర్చుని ఉంటే వినేదానివి" అన్నాను.

"నిన్న రాత్రి పాప వంటింట్లోకొచ్చి ఏడ్చింది సార్. నేనే ఊరడిచ్చినా" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి కూర్చుంది. ముఖంలో ఏదో వెలుగు. "సార్, మీరు సబ్హాన్‌లో ఇన్నారంట గదా. అద్భుతం అన్నారంట, సూరిబాబన్న జెప్పినాడు. ఉండండి." అని మెల్లగా రాగం అందుకుంది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి చూశారు, లక్ష్యపెట్టలేదు. మొదటి ఖాళీ దగ్గర ఆగింది. మడమ ఆడిస్తూ నా నోటి వంక చూసింది.

"ఈడ ఏమొస్తాది సార్?"

నేను పిటీలు మాస్టార్ని. ఆ రాగానికి సరిపడే జవాబు నాలుగు రకాలుగా అల్లగలను. అల్లి వినిపిస్తే నమ్ముతుంది, రాయచోటి దాకా పట్టుకెళ్లి, బతికినన్నాళ్లూ అదే అనుకుంటుంది. నోరు తెరిచాను. ఒళ్లో వీణ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"నాకు తెలియదమ్మా. ఆ రోజు ఆవడలు తిని నిద్రపోయాను" అన్నాను.

నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాల్సిందే. "అయ్యో, పండుకున్నారా!" అంది, నాకేదో నష్టం జరిగినట్టు. "పోనీలే సార్. మీరూ ఇనలేదు, నేనూ ఇనలేదు."

మళ్లీ మొదట్నుంచి అందుకుంది. పన్నెండు దగ్గర ఆగితే నేనూ వేళ్ల మీద లెక్క పెట్టాను. అలా ఒక్కో ఖాళీ దాటుకుంటూ, నలభై దాకా లెక్క పెట్టే పెద్ద ఖాళీ దగ్గరికి వచ్చాం. ఆవిడ మడమ ఆడిస్తోంది, కళ్లు మూసుకుంది. టీ ఇచ్చే అమ్మాయి వచ్చి ఏం కావాలని అడిగింది. నలభై అయ్యేదాకా నేను నోరు విప్పలేదు.